అప్‌డేట్ కంపెనీది, బిల్లు మనదా?

"పెట్టెయ్ బాబాయ్, ఏం కాదు. సెక్యూరిటీ ప్యాచ్ అది, పెట్టుకోకపోతేనే ప్రమాదం."

ఈ మాట చెప్పింది నేనే. ఇంట్లో ఒక్కడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉంటే చుట్టాలందరి ఫోన్లకీ వాడే కస్టమర్ కేర్ కదా. కైకలూరు దగ్గర చేపల చెరువులు చూసుకునే మా బాబాయ్, వారం రోజులుగా అప్‌డేట్ నోటిఫికేషన్ వస్తోందిరా అని అడిగితే, రెండో ఆలోచన లేకుండా పెట్టేయమన్నాను. రాత్రి చార్జింగ్ పెట్టి, ఇన్‌స్టాల్ నొక్కి పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి స్క్రీన్ మీద పైనుంచి కిందిదాకా ఒక పచ్చ గీత. సాయంత్రానికి రెండోది. మర్నాటికి సగం స్క్రీన్ తెల్లబడిపోయింది.

"ఏంట్రా, ఏం కాదన్నావు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

మూడో రోజు గుడివాడ మీదుగా బస్సెక్కి విజయవాడ వచ్చాడు. ఇద్దరం సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. కౌంటర్‌లో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "వారంటీ అయిపోయింది సార్. డిస్‌ప్లే మార్చాలి. 11,800 అవుతుంది" అన్నాడు. అప్‌డేట్ అయిన పొద్దున్నే వచ్చింది బాబూ అని బాబాయ్ చెబితే, "అప్‌డేట్‌కీ డిస్‌ప్లేకీ సంబంధం ఉండదు సార్. మీది చెరువుల ఏరియా కదా, తేమ పట్టి ఉంటుంది" అన్నాడు.

రెండున్నరేళ్ల కింద 27 వేలు పెట్టి కొన్న ఫోన్ అది. డెల్టాలో తేమ ఉంటుందని ఫోన్ అమ్మేటప్పుడు కంపెనీకి తెలియదా? బందరులో, అవనిగడ్డలో, కైకలూరులో షాపులు పెట్టి అమ్మినవాళ్లు, ఆ ఊళ్ల గాలికి తట్టుకునే ఫోనే కదా ఇవ్వాలి?

ఆ రోజు నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒక్కటే. నా ఫోన్‌లోకి కంపెనీ తన సాఫ్ట్‌వేర్ పంపింది. అది ఎక్కాక ఫోన్ పాడైంది. అప్పుడు వారంటీ తేదీ ఎందుకు అడగాలి? నా వాదన సూటిగా చెప్తాను. అప్‌డేట్ వల్ల ఫోన్ పాడైతే, వారంటీ ఉన్నా లేకపోయినా, బాగుచేసి ఇవ్వాల్సింది కంపెనీయే. అది వాళ్లు చూపించే దయ కాదు, మనకు రావాల్సిన నష్టపరిహారం. అయితే అది రావాలంటే మనం కూడా సోషల్ మీడియాలో తిట్టి ఊరుకోకుండా, కాగితం మీద అడగడం నేర్చుకోవాలి.

అప్‌డేట్ ఫ్రీ కాదు

ముందుగా ఒక భ్రమ వదిలించుకుందాం. "ఫ్రీగా ఇచ్చే అప్‌డేట్‌కి నష్టపరిహారం ఏంటి?" అని చాలామంది అంటారు. ఫ్రీ ఎక్కడ? లాంచ్ ఈవెంట్‌లో స్టేజి మీద "నాలుగేళ్ల ఓఎస్ అప్‌డేట్లు, ఐదేళ్ల సెక్యూరిటీ ప్యాచ్‌లు" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. మనం రివ్యూల్లో దానికి మార్కులు వేస్తాం. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు, ఎక్కువ అప్‌డేట్లు ఇచ్చేదానికి రెండు వేలు ఎక్కువైనా పర్లేదు అనుకుంటాం. అంటే అప్‌డేట్‌కి డబ్బు మనం కొన్న రోజే కట్టేశాం.

ఇంకో సంగతి. వారంటీ అనేది ఫోన్ తనంతట తాను పాడైతే ఎన్నాళ్లదాకా చూసుకుంటారో చెప్పే మాట. కంపెనీ బయటినుంచి చేయి పెట్టి ఫోన్‌లో మార్పు చేసినప్పుడు పరిస్థితి వేరు. ఇల్లు కట్టిన మేస్త్రీ పదేళ్ల తర్వాత వచ్చి, "గోడ గట్టిపరుస్తా" అని సుత్తి పట్టుకుని గోడ కూలగొడితే, "కట్టి పదేళ్లయింది కదండీ" అంటే ఒప్పుకుంటామా?

నిజంగా అప్‌డేటే కారణమా?

ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. కాకి వాలింది, తాటిపండు పడింది. అంతమాత్రాన కాకే పడేసిందని చెప్పలేం. అప్‌డేట్ తర్వాత వచ్చే ప్రతి సమస్యా అప్‌డేట్ వల్ల వచ్చింది కాదు. నేను మూడు రకాలుగా చూస్తాను.

మొదటిది, అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయ్యాక ఫోన్ అసలు ఆన్ కాకపోవడం, లేదా లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోవడం. ఇందులో వాదనకి పెద్దగా చోటు లేదు. 2020 చివర్లో షావోమి ఎంఐ ఏ3కి ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్ వచ్చినప్పుడు జరిగింది ఇదే. ఎన్నో ఫోన్లు ఇటుకల్లా మిగిలాయి. షావోమి అప్‌డేట్ ఆపేసి, వారంటీతో సంబంధం లేకుండా సర్వీస్ సెంటర్లలో ఉచితంగా బాగుచేస్తామని చెప్పింది. 2024 అక్టోబర్‌లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10, నోట్ 10 లాంటి పాత ఫోన్లు స్మార్ట్‌థింగ్స్‌కి సంబంధించిన ఒక యాప్ అప్‌డేట్ తర్వాత బూట్‌లూప్‌లో పడ్డాయి. అది పూర్తి ఓఎస్ అప్‌డేట్ కూడా కాదు, వెనకాల దానంతటదే ఎక్కిన చిన్న ముక్క.

రెండోది, కంపెనీ తెలిసే చేసేది. బ్యాటరీ పాతబడిందనో, వేడెక్కుతోందనో ప్రాసెసర్ వేగాన్నో బ్యాటరీ సామర్థ్యాన్నో అప్‌డేట్‌తో తగ్గించేయడం. కారణం మంచిదే కావచ్చు. కానీ మనకి చెప్పకుండా, వెనక్కి వెళ్లే దారి లేకుండా చేస్తే అది నష్టమే.

మూడోది, మా బాబాయ్ కేసు. గ్రీన్ లైన్. దీని మీదే అసలు గొడవ. అమోలెడ్ డిస్‌ప్లేని బోర్డుతో కలిపే సన్నటి కనెక్షన్లు బలహీనపడితే గీతలు వస్తాయి. కాలం, వేడి, తేమ, పడిపోవడం అన్నీ కారణాలు కావచ్చు. మరి అప్‌డేట్ పాత్ర? పెద్ద అప్‌డేట్ ఎక్కాక ఫోన్ యాప్స్ అన్నిటినీ మళ్లీ ఆప్టిమైజ్ చేస్తుంది, ఫోటోలన్నీ మళ్లీ ఇండెక్స్ చేస్తుంది. గంటల తరబడి ప్రాసెసర్ పనిచేస్తుంది. మనం ఆ సమయంలోనే చార్జింగ్ కూడా పెడతాం. ఫోన్ వేడెక్కుతుంది. అప్పటికే బలహీనంగా ఉన్న కనెక్షన్‌కి అది ఆఖరి దెబ్బ కావచ్చు. అంటే "అప్‌డేట్‌కీ డిస్‌ప్లేకీ సంబంధం ఉండదు" అన్న మాట అంత తేలిగ్గా చెల్లదు. అలాగని ప్రతి గ్రీన్ లైన్‌కీ అప్‌డేటే కారణమని నేనూ ప్రమాణం చేయలేను.

మరి ఎవరు తేల్చాలి? సాక్ష్యం ఎవరి దగ్గరుందో వాళ్లు. నేను పనిచేసే చోట కూడా కొత్త వెర్షన్ ఒకేసారి అందరికీ పంపం. ముందు కొద్దిమందికి పంపి, క్రాష్ రిపోర్టులు చూసి, తేడా కనిపిస్తే ఆపేస్తాం. ఫోన్ కంపెనీలు చేసేదీ అదే. ఏ బిల్డ్ ఎన్ని ఫోన్లలోకి వెళ్లింది, ఆ తర్వాత ఎన్ని మళ్లీ లేవలేదు, ఏ మోడల్‌కి డిస్‌ప్లే రిపేర్లు ఏ నెలలో పెరిగాయి, ఈ లెక్కలు ఉండేది వాళ్ల సర్వర్లలో. మన దగ్గర ఉన్నది పచ్చ గీత ఒక్కటే. పైగా చాలా ఫోన్లలో పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లకుండా తాళం వేస్తారు. అంటే పాత బిల్డ్ వేసి తేడా చూపించే అవకాశం కూడా మనకి ఉండదు. ఆ తాళం వేసింది వాళ్లు, రుజువు చూపించమని అడిగేదీ వాళ్లే.

గొడవ చేస్తే ఇస్తారు

గ్రీన్ లైన్ మీద ఇండియాలో జరిగింది చూడండి. 2023 ఆగస్టులో వన్‌ప్లస్, సమస్య వచ్చిన ఫోన్లకి ఉచితంగా స్క్రీన్ మారుస్తామని, 8 ప్రో, 8టీ, 9, 9ఆర్ మోడళ్లకి జీవితకాల స్క్రీన్ వారంటీ ఇస్తామని చెప్పింది. 2024 ఏప్రిల్‌లో శామ్‌సంగ్ కూడా ఎస్20, నోట్ 20, ఎస్21 లాంటి కొన్ని మోడళ్లకి ఒకసారి ఉచితంగా స్క్రీన్ మార్చింది. కానీ కొని మూడేళ్లు దాటకూడదు, నెలాఖరులోపే రావాలి అన్న షరతులతో. 2024 డిసెంబర్‌లో వన్‌ప్లస్ ఆ వారంటీని మిగతా అమోలెడ్ ఫోన్లకీ పెంచింది.

మంచిదే, మెచ్చుకుందాం. కానీ ఒకటి గమనించండి. ఇవన్నీ వేలమంది గొంతు చించుకున్నాక వచ్చినవి. మోడల్ లిస్టులో మీ ఫోన్ లేకపోతే అంతే. గడువు తేదీ దాటాక తెలిస్తే అంతే. అప్పటికే సొంత డబ్బుతో స్క్రీన్ మార్పించుకున్నవాళ్ల మాటేంటి? ట్విట్టర్‌లో ట్యాగ్ చేయడం తెలిసిన హైదరాబాద్ కుర్రాడికి దొరికింది, కైకలూరులో మా బాబాయ్ లాంటి వాళ్లకి తెలియను కూడా తెలియదు. ఆఫర్ అంటే ఇంతే. ఇస్తే తీసుకోవాలి, లేకపోతే లేదు. హక్కు అలా ఉండదు.

గూగుల్ పిక్సెల్ 4ఏ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2025 జనవరిలో వచ్చిన ఆటోమేటిక్ అప్‌డేట్, కొన్ని ఫోన్ల బ్యాటరీ సామర్థ్యాన్ని బాగా తగ్గించేసింది. బ్యాటరీ వేడెక్కే ప్రమాదం తగ్గించడానికి చేసిన పని అది. అయితే గూగుల్ దాంతోపాటు మూడు దారులు కూడా చూపించింది: ఉచిత బ్యాటరీ, లేదా 50 డాలర్ల నగదు, లేదా కొత్త పిక్సెల్ మీద 100 డాలర్ల తగ్గింపు. చాలు, చాలదు అన్నది వేరే సంగతి. కంపెనీయే "మా అప్‌డేట్ వల్ల మీకు నష్టం జరిగింది, ఇదిగో పరిహారం" అనగలదని మాత్రం తేలిపోయింది. ఇక "అప్‌డేట్‌కి పరిహారం ఏంటండీ" అని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చూపించండి.

బయటి దేశాల్లో ఏం తేల్చారు?

ఇటలీలో పోటీ వ్యవహారాల సంస్థ 2018 అక్టోబర్‌లో ఆపిల్‌కి కోటి యూరోలు, శామ్‌సంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. శామ్‌సంగ్ మీద తప్పు ఏంటంటే, గెలాక్సీ నోట్ 4కి కొత్త ఆండ్రాయిడ్ అప్‌డేట్ పెట్టుకోమని పదేపదే నోటిఫికేషన్లు పంపడం, దానివల్ల ఫోన్ ఏమవుతుందో చెప్పకపోవడం, పాత స్థితికి వెళ్లే దారి ఇవ్వకపోవడం. ఆపిల్ మీద ఐఫోన్ 6 సిరీస్ విషయంలో దాదాపు అదే ఆరోపణ. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి: ఒత్తిడి చేశారు, చెప్పలేదు, వెనక్కి వెళ్లనివ్వలేదు. మన కంప్లైంట్‌కి కూడా వెన్నెముక ఇదే.

ఆపిల్ పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్ల వేగాన్ని తగ్గిస్తున్నట్టు 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికాలో క్లాస్ యాక్షన్ కేసు 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే రాజీతో ముగిసింది. 2024 జనవరిలో క్లెయిమ్ వేసిన ఒక్కొక్కరికీ 92 డాలర్ల దాకా వచ్చాయి. కేసు మొదలై ఆరేళ్లు. అవే ఐఫోన్లు మన బెంజ్ సర్కిల్‌లో కూడా తిరిగాయి. మనకి పైసా రాలేదు, ఎందుకంటే ఆ రాజీ అమెరికా వాళ్లకే.

మన దగ్గర కూడా కదలిక లేకపోలేదు. 2025 జనవరిలో, ఐఓఎస్ 18 అప్‌డేట్ల తర్వాత ఐఫోన్లు నెమ్మదించాయన్న ఫిర్యాదులు రావడంతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, ఆపిల్‌కి నోటీసు ఇచ్చిందని మంత్రి ప్రహ్లాద్ జోషి చెప్పారు. జాతీయ హెల్ప్‌లైన్‌కి వచ్చిన ఫిర్యాదులు చూశాకే ఆ అడుగు పడింది. అంటే మనం చేసే ఒక్కో ఫిర్యాదూ ఎక్కడో లెక్కకి వస్తుంది.

మన చట్టంలో ఏముంది?

వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జూలైలో. లాయర్‌ని కాను గానీ, బాబాయ్ పుణ్యమా అని దాన్ని రెండుసార్లు చదివాను. మనకి పనికొచ్చేవి ఇవి.

చట్టం ప్రకారం వస్తువు నాణ్యతలో, పనితీరులో ఉండాల్సిన ప్రమాణంలో తేడా ఉంటే అది లోపం. సేవలో లోటు ఉన్నా ఫిర్యాదు చేయొచ్చు. ఆ లోటు అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే, తెలిసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా ఉంది. బ్యాటరీ తగ్గించే అప్‌డేట్‌కి "బగ్ ఫిక్సులు, మెరుగుదలలు" అని మాత్రమే రాస్తే, అది ఈ గీత దాటినట్టే అని నా అభిప్రాయం.

ఒక గొయ్యి కూడా ఉంది, చూసుకుని నడవండి. ఇదే చట్టంలో "ప్రొడక్ట్ లయబిలిటీ" అని ఒక కొత్త అధ్యాయం ఉంది. పేరు చూసి చాలామంది దాని కింద అడగాలనుకుంటారు. కానీ అక్కడ "హాని" అన్న మాటలోంచి ఆ వస్తువుకే జరిగిన నష్టాన్ని తీసేశారు. ఫోన్ పేలి చెయ్యి కాలితే, పరుపు కాలితే ఆ అధ్యాయం. ఫోన్ ఒక్కటే పాడైతే అది పనికిరాదు. మనం అడగాల్సింది వస్తువులో లోపం, సేవలో లోటు, అనుచిత వ్యాపార పద్ధతి అన్న మాటలతో.

మిగతావి మనకి అనుకూలంగానే ఉన్నాయి. నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో ఉన్నా అక్కడికి వెళ్లక్కర్లేదు, మనం ఉండే చోటో, పనిచేసే చోటో ఉన్న జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. విజయవాడలో ఉంది, మచిలీపట్నంలో ఉంది. కొన్న ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. ఫోన్‌తో సొంతంగా బతుకుతెరువు చేసుకునే ఆటో డ్రైవర్, డెలివరీ కుర్రాడు, చిన్న వ్యాపారి కూడా వినియోగదారుడే. "వ్యాపారానికి వాడారు" అని కంపెనీ తోసేయడానికి లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: పత్రాలు తెచ్చి చూపించమని కంపెనీని ఆదేశించే అధికారం కమిషన్‌కి ఉంది, ఫోన్‌ని ల్యాబ్ పరీక్షకి పంపే అధికారం కూడా ఉంది. ఆ సర్వర్లలో ఉన్న లెక్కలు నేనడిగితే ఇవ్వరు. కమిషన్ అడిగితే ఇవ్వాలి. కాబట్టి ఫిర్యాదులోనే "ఈ బిల్డ్ తర్వాత ఈ మోడల్‌కి వచ్చిన రిపేర్ల వివరాలు తెప్పించండి" అని ఒక దరఖాస్తు పెట్టండి. ల్యాబ్ ఫీజు మాత్రం ముందు మనల్నే కట్టమనే వీలుంది, అది తెలిసి దిగండి.

మేం చేసిన తప్పు, మీరు చేయకండి

ఇప్పుడు అసలు విషయం ఒప్పుకుంటాను. విజయవాడ వచ్చే ముందు బాబాయ్ ఊళ్లో తెలిసిన షాపులో ఫోన్ చూపించాడు. ఆ అబ్బాయి మంచి ఉద్దేశంతోనే వెనక మూత తీసి, కనెక్టర్ ఒకసారి నొక్కి చూసి, మళ్లీ పెట్టేశాడు. సర్వీస్ సెంటర్ వాళ్లకి అది చాలు. జాబ్ షీట్‌లో "బయట తెరిచారు" అని రాశారు. అప్‌డేట్ అన్న మాట ఎక్కడా లేదు. మేం చదవకుండా సంతకం పెట్టాం. స్క్రీన్‌షాట్ లేదు, వీడియో లేదు, అప్‌డేట్ ఏ రాత్రి ఎక్కిందో మా మాట తప్ప ఇంకే ఆధారమూ లేదు. బీటెక్ చదివి, రోజూ లాగ్స్ చూసి బతికే నేను ఒక్క లాగ్ కూడా దాచలేదు.

కాబట్టి మీకోసం ఒక లిస్టు:

1. అప్‌డేట్ నొక్కే ముందు బ్యాకప్ తీయండి. బిల్డ్ నంబర్, అప్‌డేట్ నోట్స్ కనిపించేలా రెండు స్క్రీన్‌షాట్లు తీసి క్లౌడ్‌లో ఉంచండి. ఒక్క నిమిషం పని.

2. సమస్య వస్తే వెంటనే ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి. స్క్రీన్, ఐఎంఈఐ నంబర్, ఫోన్ బాడీ మీద పగుళ్లు లేవని నాలుగు వైపులా, అన్నీ ఒకే వీడియోలో.

3. బయట ఎక్కడా తెరిపించకండి. బూట్‌లోడర్ జోలికి వెళ్లకండి. కస్టమ్ రామ్ వేసి చూద్దాం అన్న సరదా ఈసారికి ఆపుకోండి.

4. సర్వీస్ సెంటర్‌లో జాబ్ షీట్ చదివి సంతకం పెట్టండి. సమస్య రాసే చోట "ఫలానా తేదీన అప్‌డేట్ ఎక్కిన తర్వాత" అన్న మాట ఉండాల్సిందే. రాయమంటే రాయకపోతే, అదే సంగతి అక్కడినుంచే కంపెనీకి మెయిల్ పెట్టండి. ఎస్టిమేట్ కూడా కాగితం మీద తీసుకోండి.

5. తప్పక డబ్బు కట్టి రిపేర్ చేయించుకోవాల్సి వస్తే, బిల్లుతో పాటు తీసేసిన పార్ట్ కూడా అడగండి. "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని మెయిల్ పెట్టి కట్టండి. బోర్డు మార్చేశాక పాత బోర్డు పోతే, మీ సాక్ష్యం కూడా పోయినట్టే.

6. 1915కి ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం చేస్తారు. చాలా కేసులు అక్కడే కదులుతాయి. నంబర్ దాచుకోండి.

7. అప్పటికీ కుదరకపోతే కంపెనీకి 15 రోజుల గడువుతో నోటీసు, ఆ తర్వాత జిల్లా కమిషన్. తయారీ కంపెనీ, సర్వీస్ సెంటర్, అమ్మినవాళ్లు ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి.

ఎంత అడగాలి? లెక్క చూపించగలిగినంత అడగండి. రిపేర్ ఖర్చు లేదా ఫోన్ విలువ, తిరిగిన ఖర్చులు, పోయిన పని, మానసిక వేదనకి సమంజసమైన మొత్తం, కేసు ఖర్చులు. 27 వేల ఫోన్‌కి 20 లక్షలు అడిగితే వార్త అవుతుందేమో గానీ కేసు పలచబడుతుంది.

ఎంతకాలం పడుతుంది? చట్టం ప్రకారం మామూలుగా మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పట్టొచ్చని సిద్ధపడండి.

రెండు అభ్యంతరాలు

"ఇలా కేసులు వేస్తే కంపెనీలు అప్‌డేట్లే ఆపేస్తాయి" అని ఒక మిత్రుడు అన్నాడు. నాకు అలా అనిపించదు. అప్‌డేట్ల సంఖ్య ఇప్పుడు అమ్మకపు సరుకు. దాన్ని ఎవరూ వదులుకోరు. పైగా పాడైతే ఖర్చు తమదే అని తెలిస్తే, టెస్టింగ్ మీద ఇంకో వారం పెడతారు. ఇప్పుడు ఆ వారం మిగుల్చుకుని, దాని ఖరీదు మన దగ్గర వసూలు చేస్తున్నారు.

రెండోది, "నువ్వే కదా అగ్రీ నొక్కావు?" నొక్కాను. ఎందుకంటే నొక్కకపోతే బ్యాంక్ యాప్ ఒకరోజు పనిచేయదు, సెక్యూరిటీ ప్యాచ్ లేక ఫోన్ తలుపులు తెరిచిన ఇల్లవుతుంది, నోటిఫికేషన్ పోదు. కొన్ని అప్‌డేట్లు అయితే అడగకుండానే ఎక్కుతాయి. ఫోన్ బాగుపడాలని ఇచ్చిన అనుమతి, పాడు చేయడానికి ఇచ్చిన అనుమతి అవుతుందా?

అందుకే అప్‌డేట్లు ఆపేయమని నేను చెప్పను. ఇప్పటికీ పెట్టుకోమనే చెప్తాను, సెక్యూరిటీ ప్యాచ్‌లు నిజంగా అవసరం. కావాల్సింది వేరే: అప్‌డేట్ ఎక్కిన కొద్ది రోజుల్లో వచ్చే సమస్యకి వారంటీ తేదీ అడగకుండా చూడాలి. అప్‌డేట్ కారణం కాదని చూపించే బాధ్యత కంపెనీది కావాలి. కనీసం నెల రోజులు పాత వెర్షన్‌కి వెళ్లే దారి ఉండాలి. బ్యాటరీకో వేగానికో కోత పెడుతుంటే ఆ మాట ఇన్‌స్టాల్ బటన్ పైనే రాయాలి. ఇవేమీ ఇంజనీరింగ్‌లో అసాధ్యాలు కావు. మేం ఆఫీసులో ప్రతి రిలీజ్‌కీ రోల్‌బ్యాక్ ప్లాన్ రాయకపోతే మేనేజర్ అప్రూవల్ ఇవ్వడు. కోట్ల ఫోన్లకి పంపేవాళ్లకి ఆ మాత్రం క్రమశిక్షణ ఉండొద్దా?

చివరికి ఏమైంది?

హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. పది రోజులకి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. స్క్రీన్ ఖర్చులో 40 శాతం తగ్గిస్తామన్నారు, ఇక ఏ ఫిర్యాదూ లేదని మెయిల్‌లో ఒప్పుకోవాలన్నారు. నేను కమిషన్‌కి వెళ్దామన్నాను. ఫిర్యాదు సగం రాసి కూడా ఉంచాను.

బాబాయ్ నవ్వాడు. "నీ కేసు తేలేదాకా మేత లారీ ఆగుతుందా? రేట్లు వాట్సాప్‌లో వస్తాయి, డబ్బులు ఫోన్‌లో కొట్టాలి. మంచు కావాలంటే ఫోన్ చేయాలి. ఇచ్చింది తీసుకుందాంరా" అన్నాడు. 7,080 కట్టి స్క్రీన్ మార్పించుకున్నాడు.

ఆయన్ని తప్పుపట్టను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, మేడల మీద ఉన్నవాళ్లకి ఆ చిన్న స్క్రీన్ ఎంత విలువైందో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఫోన్ లేకుండా ఆరు నెలలు వాదించే ఓపిక పనిచేసుకునే మనిషికి ఉండదు. కంపెనీ ధైర్యం కూడా అదే. మనకి న్యాయం లేక కాదు, టైం లేక వదిలేస్తామని వాళ్లకి తెలుసు.

కానీ మనలో కొంతమందికి టైం ఉంది. స్పేర్ ఫోన్ ఉంది, ఫారం నింపడం వచ్చు, లాగ్ తీయడం వచ్చు. బెంచ్‌మార్క్ స్కోరు కోసం అర్ధరాత్రి దాకా కూర్చునేవాళ్లం, ఒక ఫిర్యాదు కోసం రెండు సాయంత్రాలు పెట్టలేమా? ఒక జిల్లా కమిషన్‌లో ఒక్క ఆర్డర్ వచ్చినా, తర్వాత కౌంటర్ దగ్గర నిలబడే బాబాయ్‌కి చేతిలో ఒక కాగితం ఉంటుంది.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇంకో అప్‌డేట్ వచ్చింది. పెట్టమంటావా?"

"ఆగు బాబాయ్" అన్నాను. "ముందు రెండు స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపు."